కొలబద్ద ఎవరి చేతిలో ఉంది?

(కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లెలో కూలీలు, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగం. మాటను పెద్దగా మార్చకుండా అచ్చు వేస్తున్నాం.)



బడిలో ప్రాజెక్టు పనుల గురించి, టెక్నాలజీ గురించి మాట్లాడమని మాకు చెప్పినారు. ఈ రెండు మాటలూ మన వాడల్లోకి ఎప్పుడో వచ్చేశాయి. ఎట్లా వచ్చాయో మాకంటే మీకే బాగా తెలుసు. రాత్రి ఏడు గంటలప్పుడు పిల్లోడు వచ్చి "అమ్మా, రేపు ప్రాజెక్టు తీసకపోవాల, చార్టు కావాల, స్కెచ్ పెన్నులు కావాల, నెట్‌లో బొమ్మలు తీయించాల" అంటాడు. ఆ పొద్దు చెనిక్కాయ పెరికిన కూలిలోంచి తల్లి కొంత తీసి ఇస్తుంది. పిల్లోడు జిరాక్సు అంగడికి పోతాడు. అంగడాయన ఏం టాపిక్కని అడుగుతాడు. "జల కాలుష్యం" అంటే రెండు రంగు కాగితాలు తీసి చేతిలో పెడతాడు. అవి చార్టు మీద అంటిస్తే ప్రాజెక్టు అయిపోయింది. పిల్లోడు చదివింది లేదు, రాసింది లేదు. ఆ ఊళ్లో జల కాలుష్యం గురించి ఎవరైనా చదివారంటే ఆ జిరాక్సు అంగడాయనే.

సీసీఈ పద్ధతి వచ్చాక ఫార్మేటివ్ పరీక్షకు 50 మార్కులు పెట్టి, అందులో 10 ప్రాజెక్టు పనికి ఇచ్చారు. చార్టు కొనగలిగిన ఇంటికి ఆ పది మార్కులు వస్తాయి. కొనలేని ఇంటి పిల్ల ఆ రోజు బడికే రాదు. కడుపునొప్పి అంటుంది. ఇట్లాంటి కడుపునొప్పులు మేం ఎన్నో చూశాం.

అట్లని ప్రాజెక్టు అనే ఆలోచనే చెడ్డదని మేం అనడం లేదు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో పిల్లలు పనులు చేస్తూ, వెతుక్కుంటూ, తామే కనుక్కుంటూ నేర్చుకోవాలని రాసి ఉంది. అంతకు ముందు బ్రిటన్ ప్రభుత్వం డబ్బుతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు కూడా, చుట్టూ ఉన్న ఊరినే పాఠంగా వాడుకోవాలని, చేసి నేర్చుకోవాలని పంతుళ్లకు శిక్షణ ఇచ్చింది. మాటలన్నీ మంచివే. కానీ ఊరిని పాఠంగా వాడుకోవాలి అన్నప్పుడు ఏ ఊరు? రచ్చకట్ట ఉన్న ఊరా, వంక అవతల ఉన్న వాడా? చేసి నేర్చుకోవాలి అన్నప్పుడు ఎవరు చేయాలి, ఎవరు నేర్చుకోవాలి? ఈ దేశంలో వేల ఏళ్లుగా చేసేవాళ్లు ఒకరు, నేర్చినట్టు పేరు పొందేవాళ్లు ఒకరు. ఈ ప్రశ్న అడగకుండా ప్రాజెక్టు అంటే, మన పిల్లలకు మళ్లా పొరక చేతికి వస్తుంది.

బాబాసాహెబ్ అంబేడ్కర్ చదువుకున్న రోజుల్లో బడిలో ఉన్న టెక్నాలజీ నల్లబల్ల. లెక్క చెయ్యమని పంతులు ఆయన్ను నల్లబల్ల దగ్గరికి పిలిస్తే, తక్కిన పిల్లలు గోల చేసి పరుగెత్తిపోయారని ధనంజయ్ కీర్ జీవితచరిత్రలో రాశారు. ఎందుకు? వాళ్ల అన్నం డబ్బాలు ఆ బల్ల వెనక ఉన్నాయి. అంటరాని పిల్లవాడు బల్ల ముట్టుకుంటే డబ్బాలు మైలపడతాయని వాటిని తీసి దూరంగా విసిరేశారు. ఆ తర్వాతనే ఆయన బల్ల ముట్టుకోగలిగింది. అందుకే బడిలోకి ఏ సామాను వచ్చినా మనం ముందు అడగాల్సింది ఒకటే. ఇది ఎవరి చేతికి ఇస్తారు?

టీవీ వచ్చింది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా అమెరికా వాళ్ల ఉపగ్రహం ఒకటి అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు టీవీ పాఠాలు చూపించారు. మన రాష్ట్రం పల్లెలు కూడా అందులో ఉన్నాయి. పొద్దున పూట బడి పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు సేద్యం సంగతులు. ఏడాది అయిపోయింది, ఉపగ్రహం వాళ్లది కాబట్టి వాళ్లు తీసుకున్నారు. ఆ తర్వాత 2020లో కరోనా వచ్చి బడులు మూస్తే, దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు, ఫోన్లలో పాఠాలు అన్నారు. వాడలో ఇంటికొక ఫోను ఉంటే అది తండ్రి జేబులో బెంగళూరులో ఉంది. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు దాదాపు 4.6 లక్షల ట్యాబులు పంచారు. అందులో బైజూస్ కంపెనీ పాఠాలు నింపి ఇచ్చారు. 2024 జులై నాటికి ఆ కంపెనీయే దివాలా కోర్టుకు ఎక్కింది. ఉపగ్రహం కథ, కంపెనీ కథ ఒకటే. పాఠం వాళ్లది, పెట్టె వాళ్లది, మనం ఎదురుగా కూచుని చూసేవాళ్లం. పంతుళ్లకు కూడా ఫోను బడి పనిలో భాగమైంది. దేనికంటారా? 2021 తర్వాత కొన్నేళ్లు మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించడానికి! పాఠానికి పనికొచ్చే ఫోటో ఒకటి తీయమని మాత్రం ఎవరూ అడగలేదు.

ట్యాబు చెడ్డదా? కాదు. ట్యాబులో కెమెరా ఉంది, గడియారం ఉంది, మాట రికార్డు చేసేది ఉంది. చూసే పెట్టెగా వాడితే అది టీవీ. కొలిచే పనిముట్టుగా వాడితే అది వేరే సంగతి. ఎట్లాగో చెప్తాం.

అనంతపురం సీమలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. దేశంలో తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదీ ఒకటి. మరి ఆ మిల్లీమీటరు అంటే ఏమిటని అడిగితే పదో తరగతి పాసైన పిల్లలు కూడా చెప్పలేరు. పేపర్లో చదువుతారు, రేడియోలో వింటారు. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీళ్లు. అంతే. ఎకరా మీద అయితే నాలుగు వేల లీటర్ల పైన. మన బడి మిద్దె నూరు చదరపు మీటర్లు ఉందనుకోండి. ఏడాదంతా పడిన వానను వదలకుండా పట్టగలిగితే 55 వేల లీటర్లు. పదిహేను లీటర్ల బిందెతో ఎన్ని బిందెలు అని ఐదో తరగతి పిల్లలను అడిగితే పలకల మీద భాగహారం చేసి 3600 దాటుతుందని చెప్పినారు. ఒక అమ్మాయి లేచి, "మరి మా అమ్మ రోజూ బోరు దగ్గర వరసలో ఎందుకు నిలబడుతుంది సార్?" అని అడిగింది. ఇది పుస్తకంలో లేని ప్రశ్న. ప్రాజెక్టు అక్కడ మొదలయింది.

పనిముట్టు కొనే పని లేదు. అడుగు సమంగా ఉండి, పక్కలు నిటారుగా, నోరూ అడుగూ ఒకే వెడల్పున్న డబ్బా చాలు. చెట్టుకూ గోడకూ దూరంగా బయట పెట్టాల, గాలికి పడిపోకుండా చుట్టూ రాళ్లు పేర్చాల. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు స్కేలు నిలబెట్టి చూడాల. వాతావరణ శాఖ కూడా లెక్క తీసేది ఆ టైముకే. వాన పడకపోతే సున్నా రాయాల. మొదట్లో పిల్లలు సున్నా రాయడానికి విసుక్కున్నారు. "రోజూ ఏం రాస్తాం సార్, లేదని తెలుసు కదా" అన్నారు. కరువు అంటే ఆ సున్నాల వరసే అని వాళ్లకు రెండు నెలలకు అర్థమయింది. నోటుబుక్కులో నలభై రోజుల సున్నాలు ఒకదాని కింద ఒకటి చూసినప్పుడు తరగతిలో ఎవరూ మాట్లాడలేదు.

ఈ లెక్క ఊరికే ఆట కాదు. కరువును ప్రకటించేది మండలం లెక్కన. మండల కేంద్రంలో వాన పడితే, అక్కడికి పది మైళ్ల దూరంలో ఎండిపోయిన మన చేను కూడా తడిసినట్టే రాసుకుంటారు. ఈ నేల మీద వాన ఒక చేనులో పడి పక్క చేనులో పడదు, అది మీకు చెప్పాల్సిన పని లేదు. పిల్లల పుస్తకం సర్కారు రికార్డు కాదు, దాన్ని చూపి పరిహారం ఇప్పించలేం. కానీ గ్రామసభలో తేదీలతో సహా చదివి వినిపిస్తే, "వాన పడింది కదప్పా" అనే నోరు కొంచెం తగ్గుతుంది. రోజూ డబ్బాలో స్కేలు పెట్టినప్పుడు ఫోటో తీస్తే తేదీ, టైము దాంట్లోనే ఉంటాయి. ఫోను వల్ల కలిగే లాభం ఇదీ.

ఇట్లాంటి పని మన జిల్లాలో పెద్దవాళ్లు కూడా చేశారు. 2000 తర్వాతి సంవత్సరాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో ఏడు కరువు జిల్లాల్లో, అందులో అనంతపురం ఒకటి, రైతులే తమ ఊళ్లో వాన కొలిచారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు, ఉన్న నీళ్లకు ఏ పంట సరిపోతుందో లెక్క వేసుకుని గోడల మీద రాసుకున్నారు. సంతకం మాత్రమే వచ్చిన రైతు కూడా ఆ మట్టం కొలిచే పరికరం పట్టుకున్నాడు. బాగుంది. కానీ బోరు లెక్క బోరున్న వాడిదే. బోరు లేని, సెంటు భూమి లేని కూలి దగ్గర కొలవడానికి ఏముంది? ఆ కొలత మన పిల్లలు చేయాల.

ఇక్కడ అసలు సంగతి చెప్పాల. ప్రాజెక్టుకు పిల్లల్ని ఐదుగురు చొప్పున జట్లు చేస్తాం కదా. బావిలో నీటి మట్టం కొలవడానికి పోయిన మొదటి రోజే మేం చూసింది ఇది. ఊరి పెద్ద ఇంటి అబ్బాయి ఫోను పట్టుకున్నాడు. ఇంకొక కాపు పిల్లవాడు నోటుబుక్కు పట్టుకున్నాడు. వాడ అమ్మాయి చేతిలో తాడు, తాడు చివర రాయి. డబ్బా కడిగి తెచ్చింది కూడా ఆ అమ్మాయే. ఎవరూ చెప్పలేదు, ఎవరూ కొట్టలేదు. పిల్లలు నవ్వుతూనే ఉన్నారు. ఊళ్లో ఎట్లా ఉందో జట్టులో అట్లా కూర్చుకున్నారు, అంతే. ఇంకొకరైతే పిల్లలు ఎంత బాగా కలిసి పని చేస్తున్నారో అని ఫోటో తీసి పై ఆఫీసరుకు పంపేవారు.

మరునాటి నుంచి వంతులు పెట్టాం. ఈ రోజు తాడు పట్టుకున్నవాళ్లు రేపు నోటుబుక్కు పట్టుకోవాల, ఎల్లుండి ఫోను. ఫోను పట్టుకున్నవాళ్లు మరునాడు డబ్బా కడగాల. వంతు పట్టిక గోడకు అంటించాం. ఒక ఇంటి నుంచి కబురు వచ్చింది: "మా పిల్లోని చేత డబ్బాలు కడిగించొద్దు సారూ." పట్టిక చూపించి, కడిగేది వాళ్లు కొలిచిన డబ్బానే అని చెప్పాం. ఆ పిల్లవాడు ఒక వారం రాలేదు. తర్వాత వచ్చినాడు, కడిగినాడు కూడా. పిల్లలు మారడానికి అంత టైము పట్టదు, మనం వదిలిపెట్టకుంటే.

రెండో పని ఊరి పటం. పాఠ్యపుస్తకంలో మన గ్రామం అని పటం ఉంటుంది. గుడి, బడి, చెరువు, పంచాయతీ ఆఫీసు. వాడ ఉండదు. పిల్లలు ఇంటింటికీ అడుగులు లెక్కపెట్టుకుంటూ గీసిన పటంలో వాడ వచ్చింది. కొళాయి ఎక్కడుంది, ఒక్కో కొళాయి మీద ఎన్ని ఇళ్లు, వీధి దీపం ఎక్కడిదాకా ఉంది, సిమెంటు రోడ్డు ఏ ఇంటి దగ్గర ఆగిపోయింది, అన్నీ గుర్తులు పెట్టారు. ఒక్కో కొళాయి మీద వాడలో ఎన్ని ఇళ్లున్నాయో, ఊళ్లో ఎన్ని ఉన్నాయో పక్కపక్కన రాస్తే మేం విడిగా చెప్పాల్సిందేమీ మిగల్లేదు. పటం తరగతి గోడకు తగిలించాం.

పది రోజులకు ఊరి పెద్దమనిషి ఒకాయన బడికి వచ్చినాడు. మర్యాదగానే మాట్లాడినాడు. "పిల్లోళ్లకు అక్షరాలు చెప్పండి సారూ, కొళాయిలు లెక్కపెట్టడం వాళ్లకు దేనికి?" అన్నాడు. ఇది గుణింతాల పాఠం, శాతాల పాఠం, ఇంగ్లీషులో దిక్కుల పేర్ల పాఠం అని చెప్పాం. అది ఆయనకు తెలుసు. ఆయన వచ్చింది దాని కోసం కాదు. ఆ వారం తల్లిదండ్రుల కమిటీ సమావేశానికి వాడ నుంచి పదకొండు మంది ఆడవాళ్లు కూలి మానుకుని వచ్చి కూచున్నారు. పటం తీసేయాలని ఎవరూ నోరు తెరిచి అడగలేదు. పటం గోడ మీదనే ఉంది. కొళాయి మాత్రం ఇంకా రాలేదు. పైపు మలుపు దాకా వచ్చి ఆగింది.

ఇంక మన వాళ్ల మాట. వాడలో తండ్రులు కొందరు మమ్మల్ని నిలబెట్టి అడిగినారు. "ప్రైవేటు బడిలో రెడ్డిగారి పిల్లలు పుస్తకం పట్టుకుని ఇంగ్లీషు చదువుతాండారు. మా పిల్లోళ్లతో మీరు తాళ్లు పట్టిస్తాండారు. తాడు పట్టను మా పిల్లోడు బడికి రావాల్నా?" ఇది చాలా గట్టి ప్రశ్న. దీన్ని తేలిగ్గా తీసిపారేసే మేధావులతో మాకు పేచీ ఉంది. ఇంగ్లీషు మీడియం మాకూ కావాలని అడిగినప్పుడు మాతృభాష గొప్పతనం మనకు పాఠం చెప్పింది కూడా వాళ్లే, వాళ్ల పిల్లలను మాత్రం కాన్వెంటుకు పంపి. మా జవాబు ఇది. ప్రాజెక్టు పేరుతో అక్షరం తగ్గితే ఆ ప్రాజెక్టు మనకొద్దు. కొలిచిన ప్రతి పిల్లా తన పేజీ తానే రాయాల. జట్టుకు ఒక చార్టు కాదు, మనిషికి ఒక పేజీ. తెలుగులో రాయాల, నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో రాయాల, ఆ పేజీ లేచి నిలబడి చదవాల. కరువు గురించి ముసలమ్మల దగ్గర ఫోనులో రికార్డు చేసుకొచ్చారు పిల్లలు. 1952 కరువులో గంజి కేంద్రాల సంగతి తమ అమ్మల నోట విన్నవాళ్లు వాడలో ఇంకా ఉన్నారు. ఆ మాటలు మళ్లీ మళ్లీ పెట్టి వింటూ రాసుకోవడంలోనే రెండో తరగతి దాటని చదువున్న ఒక పిల్లవాడికి వత్తులు వచ్చాయి. ముసలమ్మ "చెనిక్కాయ" అంటే "వేరుశనగ" అని దిద్దాలా అని ఒక పంతులుగారు అడిగినారు. రెండూ రాయించాం.

ఇంకొక ప్రమాదం గురించి కూడా హెచ్చరించాల. 1953లో, మనం ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, ముఖ్యమంత్రి రాజగోపాలాచారి పల్లె బడులకు ఒక పథకం తెచ్చినాడు. ఒక పూట బడి, తక్కిన పొద్దు ఇంటి దగ్గర తండ్రి పని నేర్చుకోవడం. చాకలి కొడుకు గుడ్డలు, కుమ్మరి కొడుకు కుండ, మాదిగ కొడుకు తోలు. దీన్ని తమిళ దేశంలో కులవిద్య పథకమని పేరు పెట్టి ద్రావిడ ఉద్యమం తరిమికొట్టింది. ఆయన దిగిపోయాక 1954లో కామరాజ్ దాన్ని ఎత్తేశాడు. ఇప్పుడు 2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి లాంటి వాళ్ల దగ్గర పని నేర్చుకోమని రాశారు. కాగితం మీద రాజాజీ పథకమూ ఇదీ ఒకటి కాదు. ఇది అందరు పిల్లలకూ అన్నారు. అయితే పల్లెలో ఏ పిల్లను ఏ పని దగ్గరికి పంపాలో నిర్ణయించేది ఎవరు? పంద్రాగస్టుకు డప్పు కొట్టడానికి మాదిగ పిల్లలనే పిలిచే బడులు మనకు తెలుసు.

పనిని మనం ఈసడించుకోవడం లేదు. తంగేడు చెక్కతో తోలు పదును చేయడం, సున్నంతో వెంట్రుకలు ఊడదీయడం రసాయన శాస్త్రమే. కంచ ఐలయ్య 2007లో ఇట్లాంటి పనుల విజ్ఞానం మీద పిల్లల కోసమే ఒక పుస్తకం రాశారు. 1882లో హంటర్ కమిషన్ ముందు మహాత్మా ఫూలే అడిగింది కూడా శూద్రాతిశూద్రుల పిల్లలకు బతుక్కు పనికొచ్చే చదువు, ఆ కులాల నుంచే పంతుళ్లు. కాబట్టి మా పట్టుదల ఒకటి. ఆ పది రోజులూ కాపు పిల్లలు చెప్పులు కుట్టే తాత దగ్గర కూచోవాల, తాతను సార్ అని పిలవాల. మన పిల్లలు మోటారు మెకానిక్ దగ్గరికి, సోలార్ ప్యానెళ్ల దగ్గరికి, బ్యాంకు కంప్యూటరు దగ్గరికి పోవాల. తండ్రి పని తండ్రి దగ్గర ఎట్లాగూ చూస్తున్నారు.

సంఘం కార్యకర్తలు ఈ నెలలో చేయాల్సింది చెప్పి ముగిస్తాం. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు ఉండాల, సగం ఆడవాళ్లు ఉండాల, బడిలో మన పిల్లలు ఎంతమంది ఉంటే ఆ లెక్కన మన తల్లిదండ్రులు ఉండాల. మీ ఊరి కమిటీలో ఉన్నారా, లేక పేర్లు మాత్రం రాసి వేలిముద్రలు తీసుకుపోయారా చూడండి. ప్రాజెక్టు సామాను బడి గ్రాంటులోంచి కొనాలని, ఇంటి నుంచి తెమ్మనకూడదని తీర్మానం రాయించండి. పిల్లల్ని పని చేసేటప్పుడు చూడండి, చార్టు చూడొద్దు. ఎవరి చేతిలో ఏముందో రాసుకోండి. ట్యాబులు బీరువాలో ఉంటే తాళం ఎవరి దగ్గరుందో అడగండి. పగిలినవి, చార్జి ఎక్కనివి ఎన్నో లెక్క తీయండి.

వాన డబ్బా పెట్టాలనుకున్న పల్లెల వాళ్లు ఇక్కడే ఉండండి, డబ్బాలు తెచ్చాం. సమావేశం అయిపోయాక పిల్లలే ఎట్లా పెట్టాలో చూపిస్తారు. ఈ వరుసలో నీలం గౌను వేసుకున్న పాప చెప్తుంది, ఆమె వంతు ఈ రోజు.

జై భీం.